షాపులో కనిపించే కెమెరా బయటికొస్తే ఎందుకు కనిపించదు? రూటర్ వెనకున్న రికార్డర్‌ను ఫోన్‌లోకి తెచ్చుకోవడం ఎలా

షాపు వైఫైలో ఉన్నంతసేపు నాలుగు కెమెరాలూ చక్కగా వస్తాయి. షట్టర్ దించి బెంజ్ సర్కిల్ దాకా వెళ్లి ఫోన్ తీస్తే మాత్రం తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. బీసెంట్ రోడ్డు బట్టల షాపుల వాళ్ల నుంచి, గుంటూరులో అమ్మానాన్నల ఇంటికి కెమెరాలు పెట్టించి అమెరికా నుంచి చూడాలనుకునే పిల్లల దాకా అందరూ అడిగే ప్రశ్న ఇదే. కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఒకేచోట రాస్తున్నాం.

కారణం చిన్నదే. 192.168తో మొదలయ్యే అడ్రస్ ఫ్లాట్ నంబరు లాంటిది. "ఫ్లాట్ 304" అని ఒక్క ముక్క రాస్తే బెజవాడలో ఏ పోస్ట్‌మ్యానూ ఇల్లు కనుక్కోలేడు. ఆ నంబరు రూటర్ లోపలివాళ్లకే తెలుసు. బయటి నుంచి లోపలికి రావడానికి మూడు దారులున్నాయి. తయారీదారు సర్వర్ ద్వారా వెళ్లే పీటూపీ, ఇంటర్నెట్ మీదుగా షాపు నెట్‌వర్కులోకి మీరే వేసుకునే రహస్య దారి వీపీఎన్, బయటి నుంచి వచ్చేవాటికి రూటర్‌లో పోర్టు అనే తలుపు తెరవడం. ఇళ్లకూ చిన్న షాపులకూ పీటూపీ సరిపోతుంది. కోల్డ్ స్టోరేజీలు, నగల షాపులు, ఆఫీసులకు వీపీఎన్ మంచిది. మూడోదాన్ని మేం వద్దనే అంటాం. ఎందుకో కింద వివరంగా ఉంది.

మీది పాత కోయాక్సియల్ కేబుల్ డీవీఆర్ అయినా ఇబ్బంది లేదు. కింది పని వరుసలో 1వ అంకెలోని కేబుల్ సంగతీ, 5వ అంకే వదిలేయండి, మిగతాదంతా అదే పద్ధతి.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- హార్డ్ డిస్క్‌తో ఎన్‌వీఆర్ (నెట్‌వర్క్ కెమెరాల వీడియో దాచే రికార్డర్), ఐపీ కెమెరాలు
- పూర్తి రాగి క్యాట్ 6 కేబుల్, ఆర్‌జే45 పిన్నులు, క్రింపింగ్ టూల్, కేబుల్ టెస్టర్
- పీఓఈ స్విచ్, అంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాకు కరెంటు కూడా పంపేది (ఎన్‌వీఆర్ వెనకాలే పీఓఈ పోర్టులుంటే అక్కర్లేదు)
- ల్యాన్ పోర్టున్న ల్యాప్‌టాప్
- రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. చాలా రూటర్లకు అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. పని మొదలుపెట్టకముందే ఫోటో తీసి ఉంచుకోండి
- రూటర్, స్విచ్, ఎన్‌వీఆర్ మూడింటికీ సరిపడే యూపీఎస్
- యజమాని ఫోన్ నంబరు, ఈమెయిల్. ఇన్‌స్టాల్ చేసే కుర్రాడిది కాదు, యజమానిదే

డిస్క్ సైజు లెక్క వేసుకోండి. 4 మెగాపిక్సెల్ కెమెరాను వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో 2 ఎంబీపీఎస్ దగ్గర పెడితే రోజుకు సుమారు 21.6 జీబీ తింటుంది. నాలుగు కెమెరాలకు 86 జీబీ. 2 టీబీ డిస్క్‌లో మూడు వారాలు వస్తుంది, నెల రాదు. నెల కావాలంటే 4 టీబీ తీసుకోండి. జనం గుమికూడే సంస్థలు 30 రోజుల రికార్డింగు ఉంచాలని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం చెబుతోంది కాబట్టి ఫంక్షన్ హాళ్లు, పెద్ద షాపుల వాళ్లు ఇక్కడ పొదుపు చేయకూడదు.

పని వరుస

1. కేబులు, చోటు. ఎన్‌వీఆర్‌ను నేల మీదా, కౌంటర్ కిందా పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది అంతస్తులోని సామానుకు ఏమైందో విజయవాడలో అందరికీ తెలుసు. వీలైతే మొదటి అంతస్తులో, లేదంటే గోడకు తల ఎత్తుకు పైన తాళం ఉన్న పెట్టెలో పెట్టి, గాలి ఆడేలా చూడండి. గుంటూరు మిర్చి గోదాముల్లోనైతే రికార్డర్‌ను సరుకున్న హాల్లో కాకుండా ఆఫీసు గదిలో పెట్టండి. కారం దుమ్ము ఫ్యాన్‌లోకి చేరితే వేడెక్కి డిస్క్ పాడవుతుంది.

కేబుల్ ఒక్కో పరుగు 100 మీటర్లు దాటకూడదు. పిన్ను కొట్టేటప్పుడు రంగుల వరుస రెండు చివర్లా ఒకటే ఉండాలి: నారింజ తెలుపు, నారింజ, పచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, పచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. పిన్ను లోపలికి కేబుల్ పైతొడుగు కూడా కొంచెం వెళ్లాలి, లేదంటే లాగినప్పుడు తీగలు ఊడొస్తాయి. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగితేనే కెమెరాకు తగిలించండి.

కొనేటప్పుడు ఒక పరీక్ష చేయండి. తీగ ఒకటి బయటికి తీసి బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే రాగి పూత పూసిన అల్యూమినియం, దాన్ని అక్కడే వదిలేయండి. అలాంటి కేబుల్‌తో పగలు బొమ్మ బాగానే వస్తుంది. చీకటి పడి కెమెరా ఐఆర్ లైట్లు వెలగగానే కరెంటు ఎక్కువ లాగుతుంది, పొడుగు కేబుల్‌లో వోల్టేజీ పడిపోతుంది, కెమెరా ఆగి మళ్లీ లేస్తుంది. రాత్రిపూట మాత్రమే పోయే కెమెరాను మార్చే ముందు ఈ కేబుల్‌ను చూడండి.

2. మీ నెట్‌వర్కుకు ఏది రూటరో తేల్చుకోండి. ఫైబర్ కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి, మీరు కొన్న వైఫై రూటర్ ఇంకొకటి ఉంటే, రెండూ అడ్రస్‌లు పంచుతుంటాయి. ఎన్‌వీఆర్ ఒకదాని వెనకా, మీ ఫోన్ ఇంకోదాని వెనకా ఉండిపోయి ఇంట్లోనే ఒకదానికొకటి దొరక్కపోవచ్చు. తేలిక పద్ధతి ఏంటంటే, మీ సొంత రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా పెట్టడం. లేదా ఎన్‌వీఆర్, స్విచ్, వైఫై అన్నీ సొంత రూటర్ వెనకే ఉంచడం. సగం అటూ సగం ఇటూ వద్దు.

3. అడ్రస్ వరుస మార్చండి. ఈ అంకె చాలామంది దాటేస్తారు. రూటర్ ల్యాన్ అడ్రస్ ఎక్కువ ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, జియో ఫైబర్‌లో 192.168.29.1. దాన్ని ఎవరూ వాడని వరుసకు, ఉదాహరణకు 192.168.57.1కి మార్చండి. షాపూ ఇల్లూ రెండూ ఒకే వరుసలో ఉంటే రేపు వీపీఎన్ పెట్టినప్పుడు 192.168.1.50 అంటే ఇంట్లోదో షాపులోదో ఫోన్‌కు అర్థం కాదు. రూటర్ తనంతట తానే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ పరిధిని 100 నుంచి 199 దాకా పెట్టండి. 100 లోపు నంబర్లు మన కెమెరాలకు.

4. ఎన్‌వీఆర్‌కు కదలని అడ్రస్ ఇవ్వండి. నెట్‌వర్క్ మెనూలో డీహెచ్‌సీపీ ఆపి ఇలా నింపండి:

ఐపీ: 192.168.57.50
సబ్‌నెట్ మాస్క్: 255.255.255.0
గేట్‌వే: 192.168.57.1
డీఎన్‌ఎస్: 8.8.8.8, రెండోది 1.1.1.1

లోపల కనిపించి బయట కనిపించని సమస్యల్లో పెద్ద వాటా చివరి రెండు వరుసలదే. గేట్‌వే తప్పుగా ఉన్నా, డీఎన్‌ఎస్ ఖాళీగా ఉన్నా వైఫైలో బొమ్మ మామూలుగానే వస్తుంది, ఎందుకంటే లోపల వాటితో పని లేదు. బయటి సర్వర్‌ను వెతుక్కోవాల్సి వచ్చినప్పుడే రికార్డర్ దారి తెలియక ఆగిపోతుంది. సేవ్ చేశాక ల్యాప్‌టాప్ నుంచి 192.168.57.50కి పింగ్ కొట్టండి. నాలుగు జవాబులూ వస్తే ముందుకెళ్లండి.

5. కెమెరాలు. ఎన్‌వీఆర్ వెనక పీఓఈ పోర్టులకు నేరుగా తగిలిస్తే అది వాటికి సొంతంగా వేరే అడ్రస్‌లు ఇచ్చుకుంటుంది. అవి మీ రూటర్ జాబితాలో కనిపించవు. అది తప్పు కాదు, ఎన్‌వీఆర్ తెరలో వస్తే చాలు.

బయటి పీఓఈ స్విచ్ వాడుతుంటే మాత్రం కెమెరాలను ఒక్కొక్కటిగా తగిలించండి. కొత్త హిక్‌విజన్ కెమెరాలు 192.168.1.64తో, దహువా, సీపీ ప్లస్ కెమెరాలు 192.168.1.108తో వస్తాయి. నాలుగూ ఒకేసారి పెడితే ఒకే అడ్రస్ కోసం కొట్టుకుంటాయి. ల్యాప్‌టాప్‌లో హిక్‌విజన్‌కైతే ఎస్‌ఏడీపీ, దహువాకైతే కాన్ఫిగ్ టూల్ వేసుకుంటే వరుస వేరైనా వెతికి పట్టుకుంటాయి. అందులోనే యాక్టివేట్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి, 51, 52, 53, 54 నంబర్లు ఇచ్చి, అదే నంబరును కెమెరా మీద మార్కర్‌తో రాయండి. స్విచ్ మొత్తం పవర్ కూడా చూసుకోండి. 802.3ఏఎఫ్ పోర్టు 15.4 వాట్ల దాకా ఇస్తుంది, కానీ చవక స్విచ్‌లలో అన్ని పోర్టులకూ కలిపి అంత ఉండదు.

వైఫై కెమెరా అయితే చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. రూటర్‌లో రెండు బ్యాండ్లకూ ఒకే పేరుంటే విడదీయండి. డబ్ల్యూపీఏ3 మాత్రమే పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చండి. కోల్డ్ స్టోరేజీ గదుల గోడల్లోంచి వైఫై దాటదు, అక్కడ కేబులే దిక్కు.

6. సమయం, పాస్‌వర్డ్. టైమ్ జోన్ జీఎంటీ+05:30 అని సరిచూడండి. చాలా రికార్డర్లు చైనా సమయంతో వస్తాయి, రెండున్నర గంటలు ముందుంటాయి. దొంగతనం జరిగాక పోలీసులకు ఇచ్చే వీడియోలో సమయం తప్పుంటే కష్టమంతా వృథా. ఎన్‌టీపీ ఆన్ చేస్తే గడియారం తనంతట తానే సరిచేసుకుంటుంది.

అడ్మిన్ పాస్‌వర్డ్ కనీసం 10 అక్షరాలు ఉండాలి. షాపు పేరు, ఫోన్ నంబరు, 123 వద్దు. రోజూ చూసుకోవడానికి బొమ్మ చూసే అనుమతి మాత్రమే ఉన్న ఇంకో యూజర్‌ను చేసి ఇంట్లోవాళ్లకు దాన్నే ఇవ్వండి.

7. పీటూపీ ఆన్ చేయండి. హిక్‌విజన్‌లో ప్లాట్‌ఫామ్ యాక్సెస్ అనే చోట హిక్ కనెక్ట్ ఎనేబుల్ చేసి వెరిఫికేషన్ కోడ్ పెట్టాలి. దహువా, సీపీ ప్లస్‌లలో నెట్‌వర్క్ కింద పీటూపీ ఉంటుంది. ఎనేబుల్ చేశాక స్టేటస్ "ఆన్‌లైన్" అని మారాలి. రెండు మూడు నిమిషాల్లో మారకపోతే క్యూఆర్ స్కాన్ చేయబోకండి, 4వ అంకెకు వెనక్కి వెళ్లండి. అది ఆఫ్‌లైన్‌లో ఉండగా ఫోన్‌లో ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం ఉండదు.

ఇప్పుడు యజమాని ఫోన్‌లో యాప్ వేసి, యజమాని నంబరుతో ఖాతా తెరిచి, తెర మీది క్యూఆర్ స్కాన్ చేయండి. ఇక్కడ ఎవరికీ మొహమాటపడొద్దు. పని తొందరగా అవుతుందని ఇన్‌స్టాలర్ తన ఖాతాలోనే రికార్డర్‌ను కట్టేసి మీకు షేర్ చేస్తే, మీ ఇల్లు అతని ఫోన్‌లో ఉన్నట్టే. అతను మానేసినా, నంబరు మార్చినా రికార్డర్ మీ చేతికి రాదు. "ఈ డివైస్ వేరే ఖాతాకు చేర్చి ఉంది" అని యాప్ అంటే పరిస్థితి అదే. పాత ఖాతాలోంచి తీయించండి. అతను దొరక్కపోతే, షాపు వైఫైలో ఉండి అడ్మిన్ పాస్‌వర్డ్‌తో అన్‌బైండ్ చేసే వీలు కొన్నిటిలో ఉంటుంది. మిగతా కుటుంబ సభ్యులకు యజమాని ఖాతా నుంచే షేర్ చేయాలి. ఒకే పాస్‌వర్డ్ అందరికీ చెప్పడం కన్నా ఇది చాలా నయం, వద్దనుకున్న రోజు ఒక్కరినే తీసేయొచ్చు.

8. సబ్ స్ట్రీమ్, అంటే ఫోన్ కోసం పంపే తేలికపాటి వీడియో, సరిచేయండి. బయట చూసేటప్పుడు ముఖ్యం షాపు కనెక్షన్ అప్‌లోడ్ వేగం, డౌన్‌లోడ్ కాదు. ప్రతి కెమెరా సబ్ స్ట్రీమ్‌ను 512 కేబీపీఎస్, 15 ఫ్రేములకు పెట్టండి. అప్పుడు నాలుగూ కలిపి 2 ఎంబీపీఎస్ అవుతుంది. మీ ఫోన్ డేటా కూడా లెక్కలో పెట్టుకోండి. ఈ లెక్కన ఒక్క కెమెరా గంటకు 230 ఎంబీ, నాలుగూ ఒకే తెర మీద పెడితే 920 ఎంబీ తింటాయి. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లు కెమెరా తెరిచి ఫోన్ పక్కన పెట్టి మరిచిపోతే మధ్యాహ్నానికే అయిపోతుంది.

9. బయటి నుంచి పరీక్షించండి. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడండి. వైఫైలో చూసి "వచ్చేసింది" అనుకోవడమే అందరూ చేసే పొరపాటు. లైవ్ వచ్చాక నిన్నటి సమయం పెట్టి ప్లేబ్యాక్ కూడా చూడండి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపేసి, యూపీఎస్ మీద ఐదు నిమిషాలు నడుస్తుందో లేదో చూడండి. చివరగా యూపీఎస్ కూడా ఆపి తిరిగి వేయండి. ఎవరూ చెయ్యి పెట్టకుండా పది నిమిషాల్లో మళ్లీ ఆన్‌లైన్‌కు రావాలి. రాకపోతే మీరు ఊళ్లో లేని రోజు ఒక్క కరెంటు కోతతో అంతా ఆగిపోతుంది.

పీటూపీ వద్దనుకుంటే: వీపీఎన్

వీడియో చూడటానికి తయారీదారు సర్వర్ల మీద ఆధారపడటం ఇష్టం లేనివాళ్లకు ఇది. రూటర్‌లో వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ సర్వర్ ఉంటే, పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ ఒక్కదానికే ఉన్న అడ్రస్) కూడా ఉంటే అక్కడే పెట్టుకోవచ్చు. పబ్లిక్ ఐపీ లేకపోతే, అది లేకుండానే పనిచేసే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ సర్వీసు వాడండి.

దానికి షాపులో ఎప్పుడూ వెలిగి ఉండే చిన్న కంప్యూటర్ ఒకటి, రాస్ప్‌బెర్రీ పై అయినా చాలు, ఉండాలి. దాంట్లో టెయిల్‌స్కేల్ వేసి, ఐపీ ఫార్వార్డింగ్ ఆన్ చేసి, 192.168.57.0/24 వరుసకు దారి చూపేలా పెట్టండి. ఆ దారిని టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో మీరు ఆమోదించాలి. ఆమోదించడం మరిచిపోతే కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, బొమ్మ రాదు. ఫోన్‌లో అదే ఖాతాతో వీపీఎన్ ఆన్ చేసి, కెమెరా యాప్‌లో రికార్డర్‌ను ఐపీ పద్ధతిలో చేర్చండి. అడ్రస్ 192.168.57.50, పోర్టు హిక్‌విజన్‌కు 8000, దహువా, సీపీ ప్లస్‌లకు 37777. ఇది పనిచేశాక రికార్డర్‌లో పీటూపీ ఆపేయొచ్చు.

పోర్టు ఫార్వార్డింగ్ గురించి

పాత పద్ధతి ఇదే, ఇప్పటికీ చాలామంది ఇన్‌స్టాలర్లు ఇదే చేస్తారు. రూటర్‌లో 80, 554, 8000 లేదా 37777 తెరిచి రికార్డర్‌కు పంపడం. అలా తెరిచిన తలుపు మీ ఒక్కరికే కాదు, ప్రపంచంలో అందరికీ తెరిచినట్టే. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇలా బయటికి తెరిచి ఉండి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ లక్షల సంఖ్యలో పట్టుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అమెరికాలో పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టిన దాడిలో వాటినే వాడారు. గట్టి పాస్‌వర్డ్ ఉన్నా, ఫర్మ్‌వేర్‌లో (రికార్డర్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో) లోపం ఉంటే పాస్‌వర్డ్‌తో పని లేకుండానే లోపలికి వస్తారు. రూటర్‌లో యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే రికార్డర్ మీకు చెప్పకుండానే పోర్టులు తెరిపించుకోగలదు. రెండు చోట్లా దాన్ని ఆపేయండి.

పైగా చాలా కనెక్షన్లలో అది పనే చేయదు. రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ వైపు రూటర్‌కు ఉన్న అడ్రస్) చూడండి. తర్వాత అదే వైఫైలో ఫోన్ నుంచి గూగుల్‌లో "నా ఐపీ ఏంటి" అని వెతకండి. రెండూ ఒకటే అయితే పబ్లిక్ ఐపీ ఉన్నట్టు. వేరుగా ఉండి, వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే సీజీనాట్, అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ను కంపెనీ చాలామందికి పంచుతోంది. అప్పుడు మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి నుంచి మీ దాకా ఏదీ రాదు. 192.168తో మొదలైతే 2వ అంకెలో చెప్పిన రెండు రూటర్ల చిక్కు. స్టాటిక్ ఐపీ నెలకు డబ్బు కట్టి తీసుకోమని ఎవరైనా అంటే, కెమెరాలు చూడటానికి మాత్రం అది అక్కర్లేదు.

ఆగిపోయినప్పుడు ఎక్కడ చూడాలి

లైవ్ వస్తుంది, ప్లేబ్యాక్ రాదు: డిస్క్ నిండి ఓవర్‌రైట్ ఆఫ్‌లో ఉందేమో, లేదా డిస్క్ చెడిపోయిందేమో స్టోరేజ్ పేజీలో చూడండి. ఇది నెలల తరబడి ఎవరికీ తెలియకుండా ఉండిపోయే రకం. ప్రతి నెలా ఒకసారి ప్లేబ్యాక్ తీసి చూసుకోవాలి.

బొమ్మ ఆగి ఆగి వస్తుంది: యాప్‌లో హెచ్‌డీ నుంచి సాధారణ క్వాలిటీకి మార్చండి. అప్పుడు బాగా వస్తే అప్‌లోడ్ చాలడం లేదు. అప్పటికీ అలాగే ఉంటే 1వ అంకెలో చెప్పిన కేబుల్ పరీక్ష చేయండి.

ఒక్క కెమెరా మాత్రమే రాదు: దాని కేబుల్‌ను బాగా పనిచేసే కెమెరా పోర్టులోకి మార్చి పెట్టండి. సమస్య కేబుల్‌తోపాటు కదిలితే అటువైపు లోపం, పోర్టు దగ్గరే ఉండిపోతే స్విచ్‌ది.

రాత్రి బొమ్మ తెల్లగా మసకగా ఉంటుంది: డోమ్ అద్దం మీద దుమ్ము లేదా సాలెగూడు. మెత్తని తడి గుడ్డతో తుడవండి. మిర్చి యార్డు వైపు కెమెరాలకు సీజన్లో వారానికోసారి తుడవక తప్పదు.

ఇంటర్నెట్ కంపెనీ మార్చాక మొత్తం పోయింది: రోజూ వచ్చే ప్రశ్న. కొత్త రూటర్ 192.168.29.1 లేదా 192.168.1.1 వరుసతో వచ్చింది, ఎన్‌వీఆర్ మాత్రం 192.168.57.50 దగ్గరే కూర్చుని లేని గేట్‌వేను పిలుస్తోంది. రికార్డర్‌నూ కెమెరాలనూ ముట్టుకోకండి, ఫ్యాక్టరీ రీసెట్ అసలే వద్దు. కొత్త రూటర్‌లోకి వెళ్లి దాని ల్యాన్ అడ్రస్‌ను 192.168.57.1 చేసి, డీహెచ్‌సీపీ పరిధిని 100 నుంచి 199కి పెట్టి రీస్టార్ట్ చేయండి. రెండు మూడు నిమిషాల్లో పీటూపీ స్టేటస్ ఆన్‌లైన్‌కు వస్తుంది. కొత్త రూటర్‌లో ల్యాన్ అడ్రస్ మార్చనివ్వకపోతే పాత రూటర్‌ను పారేయకుండా కొత్తదాని వెనక తగిలించి, ఎన్‌వీఆర్‌నూ వైఫైనీ దాని వెనకే ఉంచండి. పీటూపీకీ టెయిల్‌స్కేల్‌కూ రెండు రూటర్లు అడ్డు కాదు.